కీమో మధ్యలో ఆయాసం: కారణం గుండె బలహీనతేనా?

మెడిసిన్_పీజీ

అందరికీ నమస్కారం. క్యాన్సర్ చికిత్సలో ఉన్న రోగి ఆయాసంతో వస్తే మన ఆలోచన ఏ వరుసలో నడవాలో సీనియర్ల దగ్గర నేర్చుకోవాలని ఈ పోస్టు. చర్చ కోసం కట్టిన కేసు ఇది, ఏ ఒక్క రోగిదీ కాదు.

52 ఏళ్ల స్త్రీ. ఎడమ రొమ్ములో హెర్-2 పాజిటివ్ క్యాన్సర్ (కణాల మీద హెర్-2 ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం). ఆపరేషన్ అయింది. డాక్సోరూబిసిన్ (ఆంత్రాసైక్లిన్ రకం కీమో మందు) చదరపు మీటరుకు 60 మి.గ్రా. చొప్పున 4 విడతలు, తర్వాత పాక్లిటాక్సెల్ పూర్తయ్యాయి. రేడియేషన్ ముగిసి 6 వారాలు. హెర్-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మూడు వారాలకోసారి నడుస్తోంది. ఐదు రోజులుగా ఆయాసం పెరుగుతోంది. జ్వరం లేదు, ఛాతీనొప్పి లేదు. నాడి 118, బిపి 104/70, శ్వాస నిమిషానికి 24, గది గాలి మీద ఆక్సిజన్ 91 శాతం. ఊపిరితిత్తులు రెండువైపులా శుభ్రంగా వినిపిస్తున్నాయి. మెడ సిర ఉబ్బి ఉంది. ఇసిజిలో సైనస్ టాకికార్డియా (లయ మామూలే, వేగం ఎక్కువ) ఒక్కటే.

హై సెన్సిటివిటీ ట్రోపోనిన్-టి (గుండె కండరం గాయపడితే పెరిగేది) 38, మూడు గంటల తర్వాత 41 (మా ల్యాబ్ పైహద్దు లీటరుకు 14 నానోగ్రాములు). ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె గదులు సాగితే పెరిగేది) 1,450. డి-డైమర్ (రక్తపు గడ్డ కరిగేటప్పుడు వచ్చే ముక్కల కొలత) 1,900. హీమోగ్లోబిన్ 9.4, ప్లేట్‌లెట్లు 1,60,000, క్రియాటినిన్ మామూలే. మొదట్లో ఈఎఫ్ (ఎడమ జఠరిక ఒక్కో కొట్టుకు బయటికి పంపే రక్తం శాతం) 62, రెండు నెలల కిందట 58. ఇప్పుడు డ్యూటీలో ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చూసి కంటితో వేసిన అంచనా 50 నుంచి 52.

కేసు షీటు మీద "ట్రాస్టుజుమాబ్ వల్ల గుండె బలహీనత, ఫ్యూరోసెమైడ్ 40 ఐవీ, మెటోప్రొలాల్ మొదలు, ట్రాస్టుజుమాబ్ ఆపాలి" అని రాసి ఉందనుకోండి (ఫ్యూరోసెమైడ్ మూత్రం ద్వారా నీరు తీసేది, మెటోప్రొలాల్ నాడి తగ్గించే బీటా బ్లాకర్). ఈఎఫ్ పదకొండు పాయింట్లు తగ్గింది, బీఎన్‌పీ పెరిగింది, గుండెను దెబ్బతీసే మందులు రెండు పడ్డాయి. అన్నీ కలుస్తున్నట్టే ఉంది. ఇందులో తప్పెక్కడ?

ఎకో_కార్డియో

తప్పును పట్టిచ్చేది మీరు రాసిన పరీక్ష వివరాలే: ఊపిరితిత్తులు శుభ్రం, మెడ సిర ఉబ్బు, ఆక్సిజన్ 91. ఎడమ జఠరిక చేతులెత్తేసి ఆక్సిజన్ 91కి పడిపోయిందంటే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగి ఉండాలి. అప్పుడు చిటపటలు వినపడాలి, ఎక్స్‌రేలోనో అల్ట్రాసౌండ్‌లోనో బి-లైన్లు (నీటిని సూచించే గీతలు) కనపడాలి. అవేవీ లేకుండా ఈఎఫ్ 51 ఉన్న గుండె ఇంత ఆక్సిజన్ లోటు తేలేదు. అంకెలన్నీ ఒక పేరు చుట్టూ చేరినట్టు అనిపించినప్పుడు, ఆ పేరుకు ఒదగని అంకె ఏది అని వెతకండి. ఇక్కడ ఒదగనిది ఆక్సిజనే.

ఉబ్బిన మెడ సిర, శుభ్రమైన ఊపిరితిత్తులు, వేగంగా నాడి, తగ్గుతున్న బిపి. ఈ జతకు నా మనసులో ముందు వచ్చేవి రెండు: గుండె చుట్టూ నీరు నిండి నొక్కుతుండటం (టాంపొనాడ్), ఊపిరితిత్తి ధమనిలో గడ్డ (పల్మనరీ ఎంబాలిజం). రొమ్ము క్యాన్సర్‌లో రెండూ వస్తాయి. రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు. షీటు మీద రాసిన మందులు ఇక్కడ ప్రమాదం కావచ్చు. టాంపొనాడ్‌లో గుండె నిండటమే కష్టంగా ఉంటుంది, ఫ్యూరోసెమైడ్ ఇస్తే ఆ నిండేది కూడా తగ్గి బిపి కూలుతుంది. మెటోప్రొలాల్ ఇంకా చెడ్డది. ఒక్కో కొట్టుకు బయటికి పోయే రక్తం తగ్గిపోయినప్పుడు 118 నాడే ఆ మనిషిని నిలబెడుతోంది, దాన్ని 80కి దించితే నిలబెట్టేది మిగలదు. టాకికార్డియా ఎందుకొచ్చిందో తెలియకుండా దాన్ని తగ్గించకూడదు.

కాబట్టి మందుకు ముందు అల్ట్రాసౌండ్ ప్రోబ్. మంచం దగ్గర నాలుగైదు నిమిషాల పని. పక్కటెముకల కింద నుంచి మొదలుపెట్టి పెరికార్డియంలో (గుండె చుట్టూ ఉన్న పొరలో) నీరుందా చూడండి. ఉంటే ఎంత అన్నదానికంటే కుడి గదులు లోపలికి మడుస్తున్నాయా అన్నది ముఖ్యం: కుడి జఠరిక డయాస్టోల్‌లో (గుండె నిండేటప్పుడు), కుడి కర్ణిక సిస్టోల్‌లో (జఠరికలు ముడుచుకునేటప్పుడు). తొందరగా చేరిన 200 మి.లీ. నొక్కేయగలదు, నెలల తరబడి చేరిన లీటరు నొక్కకపోవచ్చు. ఐవీసీ (గుండెకు రక్తం తెచ్చే కింది మహాసిర) 21 మి.మీ. దాటి, గాలి పీల్చినప్పుడు సగం కూడా కుంచించుకోవడం లేదంటే కుడివైపు పీడనం ఎక్కువ. తర్వాత నాలుగు గదుల వ్యూ. కుడి జఠరిక ఎడమదానికంటే పెద్దగా ఉందా, టాప్సీ (కుడి జఠరిక ఎంత కదులుతోందో చెప్పే కొలత) 17 మి.మీ. లోపా, అడ్డంగా కోసిన వ్యూలో మధ్యగోడ చదునై ఎడమ జఠరిక డి అక్షరంలా కనిపిస్తోందా? ప్రోబ్ చేతిలో ఉండగానే ఊపిరితిత్తుల్లో బి-లైన్లు, ప్లూరాలో (ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరలో) నీరు చూసి, తొడ మూలలోనూ మోకాలి వెనుకా సిరల్ని నొక్కి చూడండి. నొక్కితే మూసుకోని సిరలో గడ్డ ఉన్నట్టే.

ఒక మాట. ఇసిజిలో వోల్టేజి తగ్గలేదు, క్యూఆర్ఎస్ ఎత్తు కొట్టు కొట్టుకూ మారడం లేదు అని టాంపొనాడ్‌ను కొట్టేయకండి. అవి కనపడితే సాయమే, కనపడనంత మాత్రాన ఏమీ తేలదు.

ఎమర్జెన్సీ_రాత్రి

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ, ల్యాబ్ అంకెల గురించి.

ఈ రోగికి డి-డైమర్ పంపాల్సిన అవసరమే లేదు. క్యాన్సర్, ఈమధ్య ఆపరేషన్, రేడియేషన్, కీమో, ఏదున్నా అది పెరుగుతుంది. ఆ పరీక్షకున్న విలువంతా అనుమానం తక్కువగా ఉన్నవాళ్లలో నెగటివ్ వస్తే గడ్డ లేదని వదిలేయగలగడంలో ఉంది. గడ్డకు ఎంత అవకాశముందో లెక్కించే వెల్స్ స్కోరు వేయండి: నాడి వందకు పైన కాబట్టి ఒకటిన్నర, చికిత్సలో ఉన్న క్యాన్సర్‌కు ఒకటి. మొత్తం రెండున్నర. "మిగతా కారణాలకంటే గడ్డకే అవకాశం ఎక్కువ, కనీసం సమానం" అన్న అంశానికి మూడు పాయింట్లు. అది మీ క్లినికల్ తీర్పు. ఇక్కడ అవునంటే ఐదున్నర. నాలుగు దాటితే డి-డైమర్ జోలికి పోకుండా నేరుగా సీటీ పల్మనరీ యాంజియో (ఊపిరితిత్తి ధమనుల స్కాను).

ఆ తీర్పునే చాలామంది ఊరికే టిక్కు పెట్టి వదిలేస్తారు. సీటీ రిపోర్టును ఎలా చదవాలో కూడా దాన్నిబట్టే ఉంటుంది. 2006లో వచ్చిన పయోపెడ్-2 అధ్యయనంలో సీటీ యాంజియో సెన్సిటివిటీ (గడ్డ ఉన్నవాళ్లను పట్టుకునే శాతం) 83, స్పెసిఫిసిటీ (గడ్డ లేనివాళ్లను లేదని చెప్పే శాతం) 96. ఇవాళ్టి స్కానర్లు అప్పటికంటే మెరుగే, కానీ లెక్క నేర్చుకోవడానికి ఆ అంకెలు బాగుంటాయి. అనుమానం మధ్యస్థంగా ఉన్న వందమందిలో నలభైమందికి నిజంగా గడ్డ ఉందనుకోండి. స్కాను 33 మందిని పట్టుకుంటుంది, ఏడుగురిని వదిలేస్తుంది. గడ్డ లేని అరవైమందిలో 58 మందికి నెగటివ్, ఇద్దరికి తప్పుడు పాజిటివ్. అంటే నెగటివ్ వచ్చిన 65 మందిలో ఏడుగురికి, దాదాపు పదకొండు శాతం మందికి, గడ్డ ఉంది. ఇక అనుమానం తక్కువున్న వందలో పదిమందికే గడ్డ ఉందనుకుంటే పాజిటివ్ వచ్చేది 12 మందికి, అందులో నిజమైనవి ఎనిమిది. అదే స్కాను, అదే రిపోర్టు. ఎవరిని పంపామన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోయింది. ఆ అధ్యయనంలోనే అనుమానం బలంగా ఉన్నవాళ్లలో నెగటివ్ రిపోర్టు నిజమైంది 60 శాతం మందిలోనే. అలాంటప్పుడు "సీటీ నెగటివ్, గడ్డ లేదు" అని ఫైలు మూయకూడదు. కాళ్ల సిరల డాప్లరో, వెంటిలేషన్-పర్ఫ్యూజన్ స్కానో చేయాలి.

ట్రోపోనిన్ 38 నుంచి 41. మూడు పాయింట్ల తేడా, ఎనిమిది శాతం. మొదటి విలువే హద్దు దాటి ఉన్నప్పుడు 20 శాతానికి మించిన మార్పు ఉంటేనే ఇప్పుడు జరుగుతున్న గాయం అంటాం. కాబట్టి ఇది గుండెపోటు నమూనా కాదు. కండరం మీద కొన్నాళ్లుగా ఒత్తిడి ఉందని మాత్రం చెబుతోంది. ఆ ఒత్తిడి ఎడమ జఠరికదా కుడిదా అన్నది అందులో రాసి ఉండదు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కూడా అంతే. 50 నుంచి 75 ఏళ్ల మధ్య 900 దాటితే గుండె వైఫల్యానికి అనుకూలమే, కానీ గడ్డ వల్ల సాగిన కుడి జఠరిక నుంచి కూడా అది కారుతుంది. 300 లోపుంటే గుండె వైఫల్యం కాదనడానికి బాగా పనికొస్తుంది. పెరిగినప్పుడు కారణం పేరు చెప్పదు.

మెడిసిన్_పీజీ

ధన్యవాదాలు సార్. కేసును ముందుకు నడుపుతున్నాను. ఎకోలో వెనకవైపు 6 మి.మీ. నీరు, గదులు మడవడం లేదు. కుడి జఠరిక ఎడమదానికంటే పెద్దది, మధ్యగోడ చదునుగా ఉంది. ఐవీసీ 23 మి.మీ. బి-లైన్లు లేవు. కుడి మోకాలి వెనుక సిర నొక్కితే మూసుకోవడం లేదు. ఇప్పుడు సీటీ కోసం ఆగాలా, మందు మొదలుపెట్టేయాలా? ఆ 6 మి.మీ. నీటిని తీయాలా?

ఎకో_కార్డియో

ముందు మందు, ఆ తర్వాత సీటీ. కాలి సిరలో గడ్డ, కుడి జఠరిక వాపు, ఈ లక్షణాలు కలిశాక యాంటీకోయాగ్యులెంట్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఆపి ఉంచడానికి కారణం లేదు, రక్తస్రావం ముప్పు కనపడితే తప్ప. ఎనాక్సాపారిన్ కిలోకు 1 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి. క్రియాటినిన్ క్లియరెన్స్ 30 లోపైతే అదే మోతాదు రోజుకు ఒక్కసారే. ఏ క్షణమైనా గడ్డ కరిగించే మందు అవసరపడేలా ఉంటే మామూలు హెపారిన్ డ్రిప్ నయం, దాన్ని వెంటనే ఆపొచ్చు.

నీటిని ముట్టుకోవద్దు. 6 మి.మీ. నీరు, గదులు మడవడం లేదు, అది పక్కన ఉన్న విషయం మాత్రమే. ఒక జాగ్రత్త చెప్పాలి: కుడి గదుల్లో పీడనం బాగా పెరిగిపోయినప్పుడు టాంపొనాడ్ ఉన్నా అవి మడవకపోవచ్చు. అందుకే రేపు మళ్లీ కొలవాలి. యాంటీకోయాగ్యులెంట్ మీద పెరికార్డియంలోకి రక్తం కారే అవకాశమూ ఉంది కాబట్టి ఆ కొలత రెండందాలా అవసరం.

సిస్టాలిక్ 90 పైన ఉంది, కుడి జఠరిక దెబ్బతింది, ట్రోపోనిన్ పెరిగింది. ఇది మధ్యస్థ-అధిక ముప్పు వర్గం. గడ్డ కరిగించే మందు అందరికీ వెంటనే ఇవ్వం. 2014 నాటి పైథో అధ్యయనంలో టెనెక్టిప్లేస్ రక్తప్రసరణ కూలిపోవడాన్ని తగ్గించింది, కానీ తీవ్ర రక్తస్రావాన్నీ స్ట్రోకునూ పెంచింది. కాబట్టి రెండు మూడు రోజులు మానిటర్ మీద ఉంచండి. సిస్టాలిక్ 90 లోపు పావుగంట నిలబడినా, బిపి నిలపడానికి మందులు కావాల్సి వచ్చినా అప్పుడు నిర్ణయం మారుతుంది. బిపి తగ్గిందని లీటర్లకు లీటర్లు సెలైన్ ఎక్కించకండి. అప్పటికే సాగిన కుడి జఠరిక ఇంకా ఉబ్బి ఎడమదాన్ని నొక్కేస్తుంది. అరలీటరుకు మించకుండా, అదీ ఐవీసీ చూసి.

ఇక ఆ ఈఎఫ్ 51. కుడి జఠరిక తోస్తుంటే మధ్యగోడ తన పని తాను చేయలేదు. ఎడమ జఠరిక ఆకారమే మారిపోయింది, పైగా నాడి 118. ఇలాంటి గుండె మీద కంటితో వేసిన అంచనా ట్రాస్టుజుమాబ్ గురించి ఏమీ చెప్పదు. మామూలు 2డీ ఎకోలోనే ఒక పరీక్షకూ మరోదానికీ పది పాయింట్ల దాకా తేడా రావచ్చు. ఆ అంకె మీద క్యాన్సర్ మందు ఆపడం నాకు అస్సలు సమ్మతం కాదు.

ఆంకో_మెడికల్

పై వాక్యం రాసినందుకు కృతజ్ఞతలు సార్. మా వైపు నుంచి చూస్తే ట్రాస్టుజుమాబ్ ఒక ఏడాది పూర్తవడం తిరగబెట్టే ముప్పును తగ్గించే పెద్ద ఆయుధం. అనుమానం మీద ఆపిన మందు మళ్లీ మొదలవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి మొదలే అవదు.

నిజంగా ఎప్పుడు ఆపాలి? మందు లేబుల్ లెక్క ప్రకారం ఈఎఫ్ మొదటి విలువకంటే 16 పాయింట్లు లేదా అంతకుమించి పడితే, లేదా ల్యాబ్ మామూలు హద్దు కిందకు దిగి పది పాయింట్లు పడితే, కనీసం నాలుగు వారాలు ఆపి మళ్లీ కొలవాలి. 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు లక్షణాలు లేనివాళ్లలో కొంత వెసులుబాటు ఇస్తాయి. ఈఎఫ్ 40 నుంచి 49 మధ్య ఉంటే ఏసీఈ ఇన్హిబిటర్, బీటా బ్లాకర్ మొదలుపెట్టి, దగ్గరగా కొలుస్తూ మందు కొనసాగించవచ్చు. 40 లోపైతే ఆపాలి. లక్షణాలతో గుండె వైఫల్యం వచ్చినా ఆపాలి. ఈ రోగికి లక్షణాలున్నాయి, నిజమే, కానీ వాటికి వేరే కారణం దొరికింది. 62 నుంచి 51కి పడినా 50 దాటే ఉంది. వచ్చే డోసు తేదీని రోగి కుదుటపడేవరకు కొద్దిరోజులు జరపొచ్చు. ఆ ఆలస్యం వారం దాటితే మాత్రం మళ్లీ లోడింగ్ డోసు, కిలోకు 8 మి.గ్రా., ఇచ్చి తర్వాత మామూలు 6కి రావాలి. ఈ చిన్న విషయం వార్డుల్లో తరచు జారిపోతుంది.

కుడి జఠరిక తగ్గాక, నాడి నెమ్మదించాక, అదే యంత్రం మీద 3డీ ఈఎఫ్, గ్లోబల్ లాంగిట్యూడినల్ స్ట్రెయిన్ (గుండె కండరం పొడవునా ఎంత కుంచించుకుంటోందో చెప్పే కొలత) తీయించండి. స్ట్రెయిన్ మొదట మైనస్ 20.5 ఉండి ఇప్పుడు మైనస్ 17 అయితే సాపేక్షంగా 17 శాతం పతనం. 15 దాటితే నిజమైన హెచ్చరికే, ఈఎఫ్ ఇంకా పడకపోయినా. అందుకే చికిత్స మొదలుకాకముందు స్ట్రెయిన్ తీసి పెట్టుకోవాలి. పోల్చుకోవడానికి పాత అంకె లేకపోతే ఇవాళ్టి అంకెతో ఏం చేయగలం?

డాక్సోరూబిసిన్ మొత్తం చదరపు మీటరుకు 240 మి.గ్రా. ఆ మోతాదులో గుండె వైఫల్యం అసలు రాదని కాదు, కానీ దాని వంపు తెలుసుకుంటే నిష్పత్తి తెలుస్తుంది: 400 దగ్గర దాదాపు 5 శాతం, 550 దగ్గర 26, 700 దగ్గర 48. ఆంత్రాసైక్లిన్ కణాన్ని చంపుతుంది, ట్రాస్టుజుమాబ్ కణం పనిని అడ్డుకుంటుంది. అందుకే రెండోది చాలామందిలో ఆపి, మందులిస్తే తిరిగి కోలుకుంటుంది.

సీటీ పంపేటప్పుడు అడిగే ప్రశ్న కూడా మార్చండి. "గడ్డ ఉందా" అని మాత్రమే రాస్తే జవాబు అంతవరకే వస్తుంది. ఊపిరితిత్తుల్లో మచ్చలు, లింఫ్ దారుల్లో క్యాన్సర్ పాకడం, ఎడమవైపు రేడియేషన్ పడ్డ గీత వెంబడి న్యూమోనైటిస్ (ఊపిరితిత్తి వాపు) కూడా చూడమనండి. రేడియేషన్ న్యూమోనైటిస్ ఎక్కువగా ఒకటి నుంచి ఆరు నెలల మధ్య కనిపిస్తుంది, ఈవిడ సరిగ్గా ఆ కాలంలోనే ఉంది. గడ్డ దొరికిందని వెతకడం ఆపేస్తే రెండో జబ్బు మిగిలిపోతుంది. పైగా సహాయక చికిత్స నడుస్తుండగా ఇంత గడ్డ కట్టిందంటే క్యాన్సర్ మళ్లీ లేచిందా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. కొత్త మచ్చ కనిపిస్తే స్కానును చూసి పేరు పెట్టకుండా బయాప్సీ తీసి ఈఆర్, పీఆర్ (హార్మోన్ రిసెప్టర్లు), హెర్-2 మళ్లీ పరీక్షించాలి. రిసెప్టర్లు మారిపోయి ఉండొచ్చు, మారితే చికిత్సే మారుతుంది.

ఇంటికి పంపేటప్పుడు అపిక్సబాన్ 10 మి.గ్రా. రెండు పూటలా ఏడు రోజులు, తర్వాత 5 మి.గ్రా. రెండు పూటలా. కనీసం ఆరు నెలలు, క్యాన్సరో దాని చికిత్సో నడుస్తున్నంతకాలం కొనసాగింపు. జీర్ణాశయంలో, మూత్రమార్గంలో తీయని క్యాన్సర్ కణితి ఉన్నవాళ్లకు ఇలాంటి నోటి మందులతో రక్తస్రావం ఎక్కువ, వాళ్లకు ఇంజెక్షనే మేలు. ప్లేట్‌లెట్లు 50,000కు తగ్గనంతవరకు పూర్తి మోతాదు. 25,000 నుంచి 50,000 మధ్య సాధారణంగా సగానికి తగ్గిస్తాం, కానీ ఇలాంటి పెద్ద రక్తపు గడ్డ వచ్చిన మొదటి నెలలోనైతే ప్లేట్‌లెట్లు ఎక్కించి పూర్తి మోతాదు నిలపడం గురించి హిమటాలజీతో మాట్లాడాలి. 25,000 లోపు ఆపుతాం. హెర్-2 పాజిటివ్‌లో మెదడుకు పాకడం తక్కువేమీ కాదు. తలనొప్పి, వాంతులు, చూపులో తేడా ఉన్నాయా అని మొదటి ఇంజెక్షన్‌కు ముందే అడగండి.

మెడిసిన్_పీజీ

చాలా స్పష్టమైంది మేడమ్. చివరి ప్రశ్న. ఇదే ఆయాసం, ఇదే ట్రోపోనిన్, కానీ రోగి పెంబ్రోలిజుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు వదిలే ఇమ్యూన్ చెక్‌పాయింట్ మందు) రెండో డోసు తర్వాత వచ్చి, ఎకో పూర్తిగా మామూలుగా ఉంటే?

ఎకో_కార్డియో

అప్పుడు మామూలు ఎకో చూసి ఊరట పడకూడదు. ఇమ్యూన్ చెక్‌పాయింట్ మందులతో వచ్చే మయోకార్డైటిస్‌లో (గుండె కండరం వాపులో) దాదాపు సగంమందికి ఈఎఫ్ మామూలుగానే ఉంటుంది. వచ్చేది వందలో ఒకరికే, కానీ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే, రెండో మూడో డోసు చుట్టూ. అందుకే అక్కడ 38 నుంచి 41ని "పెద్దగా మారలేదులే" అని వదలను, ఆరేసి గంటలకు మళ్లీ పంపుతాను. ఇసిజి రోజుకు రెండుసార్లు. ఇసిజిలో పీఆర్ వ్యవధి సాగుతోందా, కొత్తగా బండిల్ బ్రాంచ్ బ్లాక్ వచ్చిందా చూడాలి, పూర్తి హార్ట్ బ్లాక్‌కు దారి అదే. కనురెప్ప వాలిందా, రెండుగా కనిపిస్తోందా, మెడ ఎత్తలేకపోతున్నారా అని అడగండి, సీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైము) పంపండి. మయోసైటిస్ (కండరాల వాపు), మయస్థీనియా (నరాల సంకేతం కండరాలకు అందక వచ్చే బలహీనత) దీనికి తోడుగా వస్తాయి. ఆ ఆయాసం శ్వాస కండరాలదే కావచ్చు, అప్పుడు ఆక్సిజన్ అంకెకంటే వైటల్ కెపాసిటీ కొలవడం ముఖ్యం.

మయోసైటిస్ ఉంటే అస్థికండరం నుంచి కూడా ట్రోపోనిన్-టి పెరగొచ్చు. ట్రోపోనిన్-ఐ జతగా పంపితే గుండె వాటా తెలుస్తుంది. గడ్డ, కరొనరీ జబ్బు కాదని తేల్చుకుంటూనే, అనుమానం బలంగా ఉండి రోగి నిలకడగా లేకపోతే ఎంఆర్ఐ స్లాటు కోసం ఆగకుండా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 500 నుంచి 1,000 మి.గ్రా. ఐవీ రోజూ, మూడు నుంచి ఐదు రోజులు. మొదటి 24 గంటల్లో పడాలి. ఇక్కడ క్యాన్సర్ మందు ఆపడంలో సందేహమే లేదు, అనుమానం వచ్చిన రోజే ఆపాలి.

ఎమర్జెన్సీ_రాత్రి

దీనికే ఇంకొకటి జోడిస్తాను. రోగి 5-ఎఫ్‌యూ (ఒక కీమో మందు) ఇన్ఫ్యూజన్ మీదో, అదే కోవకు చెందిన కాపెసిటబిన్ బిళ్లల మీదో ఉంటే కరొనరీ ధమని బిగుసుకుపోవడం గుర్తుంచుకోండి. ఎక్కువగా మొదటి విడతలో, మొదటి మూడు రోజుల్లో. నొప్పి వచ్చిన ఆ నిమిషంలో ఇసిజి తీస్తేనే ఎస్‌టీ మార్పు దొరుకుతుంది, అరగంట తర్వాత తీసింది మామూలుగా ఉండొచ్చు, ట్రోపోనిన్ కూడా పెరగకపోవచ్చు. ముందు మందు ఎక్కించే పంపు ఆపండి, తర్వాత నైట్రేట్, కాల్షియం ఛానల్ బ్లాకర్. పంపు ఆపకుండా నైట్రేట్ పెంచుకుంటూ పోతే నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంది. వీళ్లలో కూడా ధమనిలో నిజమైన అడ్డంకి ఉండొచ్చు కాబట్టి ఎస్‌టీ పైకి లేచి నైట్రేట్‌తో దిగకపోతే నేరుగా క్యాథ్ ల్యాబ్‌కే.